రౌడీ వేషాలే వస్తున్నాయి, ఒప్పుకోవాలా మానాలా?

"నాలుగు సినిమాల్లో చేశాను, నాలుగింటిలోనూ విలన్ పక్కన నిలబడే రౌడీనే. ఐదోదీ అదే వచ్చింది. ఇలాగే ఒప్పుకుంటూ పోతే ముద్ర పడిపోతుందని కొందరు, వచ్చింది వదులుకోవద్దని కొందరు అంటున్నారు. అసలు నాకు నప్పే పాత్ర ఏదో తెలుసుకునేదెలా?" అని అడిగారు.

దర్శకత్వ శాఖలో చాలాకాలం పనిచేశాను. చిన్న పాత్రలకు మనుషుల్ని వెతికే పని ఎక్కువగా నా మీదే ఉండేది. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఐదో సినిమా ఒప్పుకోండి. దానికి ముందు ఒక సంగతి కనుక్కోవాలి, అది చివర్లో చెబుతాను. రౌడీ వేషం వేసినందుకు ఎవరి కెరీరూ పాడవదు. ఆ వేషంలో తనలోని ఏ గుణం పనికొచ్చిందో తెలుసుకోకుండా ఆరూ ఏడూ ఎనిమిదీ చేసుకుంటూ పోయినవాళ్లే ఇరుక్కుపోతారు.

ముందు ముద్ర ఎలా పడుతుందో చూడండి. మీ మీద ఎవరికీ కక్ష ఉండదు. రెండున్నర గంటల సినిమాలో ముప్పై నలభై పాత్రలుంటాయి. హీరో హీరోయిన్లు, ఇంకో ఇద్దరు ముగ్గురు పోతే మిగిలిన వాళ్లెవరికీ విడిగా పరిచయ సీను రాసే తీరిక కథకు ఉండదు. తలుపు తోసుకుని మనిషి లోపలికి రాగానే వీడెవడో ప్రేక్షకుడికి తెలిసిపోవాలి. అందుకే సీన్ పేపర్ మీద పాత్ర పేరు పక్కన "ఫలానా ఆయన టైపు" అని రచయితే రాసేసుకుంటాడు. ఆ ఫలానా ఆయన డేట్స్ దొరక్కపోతే ఆయనలాంటి ఇంకొకరి కోసం వెతుకుతాం. క్యారెక్టర్ ఆర్టిస్టులకు రోజు లెక్కన పారితోషికం. ఒకే సీన్లో ఆరుగురుంటే ఆరుగురి కాల్షీట్లూ, అంటే షూటింగ్‌కు వాళ్లిచ్చే తేదీలు, ఒక్కరోజున కుదరాలి. అంత టెన్షన్‌లో కొత్తగా ప్రయత్నిద్దాం అనే ఓపిక ఎవరికుంటుంది? పోయినసారి ఇదే పని సింగిల్ టేక్‌లో చేసినవాడికే ఫోన్ వెళుతుంది.

కాబట్టి మూసలో పడటం మీకు జరిగిన అన్యాయం అనుకోకండి. మీరు చేసిన పని ఒకరికి గుర్తుండిపోయింది, అంతే. కాకపోతే వాళ్లకు గుర్తున్నది మీ పైరూపం. గడ్డం, ఒడ్డూ పొడుగూ, ఎర్రటి కళ్లు. ఆ రూపం పనిచెయ్యడానికి కారణమైన లోపలి గుణం ఒకటుంటుంది. దాన్ని వాళ్లు చూడరు, చూడాల్సిన అవసరమూ వాళ్లకు లేదు. ఆ గుణం ఏదో పట్టుకోవలసింది మీరే. నాకు తెలిసినంతలో నటుడికి పాత్ర నప్పడమంటే ఆ గుణానికి పని దొరకడం. మంచివాడా చెడ్డవాడా, నవ్వించేవాడా ఏడిపించేవాడా అన్నది ఆ తర్వాతి మాట.

దీనికి నేను కుర్రాళ్లందరికీ చూడమని చెప్పే సినిమా 'మాయాబజార్' (1957). పాట కోసమో, ట్రిక్ షాట్ల కోసమో చూస్తే సరిపోదు. ఏ పాత్రకు ఎవర్ని పెట్టారో, ఎందుకు పెట్టారో ఆలోచిస్తూ చూడండి.

అందులో హిడింబి సూర్యకాంతం గారు. సూర్యకాంతం అనగానే మనకు గయ్యాళి అత్త గుర్తొస్తుంది, ఆ పేరు మన భాషలో ఒక తిట్టుగా కూడా మారింది. మరి ఘటోత్కచుడి తల్లిగా ఆవిడ ఎందుకంత బాగా కుదిరారు? ఆవిడ దగ్గరున్న గుణం గయ్యాళితనం కాదు కాబట్టి. "ఇది నాది" అనే హక్కు ఆవిడ గొంతులో ఉంది. 'గుండమ్మ కథ' (1962)లో ఆ హక్కు సొంత కూతురి మీద గారాబంగా, సవతి కూతురి మీద పెత్తనంగా బయటికొస్తుంది. హిడింబిలో అదే హక్కు కొడుకును చూసుకుని మురిసిపోయే తల్లి ప్రేమ అయింది. గొంతు అదే, మాట విసురు అదే. పరిస్థితి మారింది. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్న సినిమాకు ఆవిడ పాత్ర పేరు పెట్టగలిగారంటే, ఒకే రకం పాత్రలు చేస్తూ కూడా ఒక నటి ఎంత ఎత్తుకు వెళ్లగలదో చూడండి.

అందులోనే బలరాముడు గుమ్మడి గారు. తమ్ముడు కృష్ణుడుగా వేసిన ఎన్టీఆర్ పుట్టింది 1923లో, గుమ్మడి పుట్టింది 1927లో. నాలుగేళ్లు చిన్నవాడు అన్నగా వేశారు. పెద్దరికం వయసుతో వచ్చేదే అయితే ఇది సాధ్యపడదు. మాట తొందరపడకుండా ఆచితూచి పలకడం, కోపం వచ్చినా ఒంటిని పెద్దగా కదిలించకపోవడం ఆయనకు ముప్పై ఏళ్లకే పట్టుబడ్డాయి. జీవితమంతా తండ్రి పాత్రలే వేశారని జాలిపడేవాళ్లను చూశాను. ఆ పెద్దరికంతోనే ఆయన 'మహామంత్రి తిమ్మరుసు' (1962) అయ్యారు, టైటిల్ పాత్ర అది.

శకుని చూడండి. సి.ఎస్.ఆర్. ఆంజనేయులు గారు. రంగస్థలం మీద పేరున్న కృష్ణుడు, 1936లో వచ్చిన 'ద్రౌపదీ వస్త్రాపహరణం'లో కూడా కృష్ణుడే. ఇరవై ఏళ్ల తర్వాత శకుని వేస్తే జనం ముక్కున వేలేసుకోలేదు, ఎంతో హాయిగా చూశారు. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. ఎదుటివాడి మనసులో ఏముందో ముందే తెలిసినట్టు నవ్వడం కృష్ణుడికీ కావాలి, శకునికీ కావాలి. ఆ నవ్వు ఉన్నవాడు రెండూ వెయ్యగలడు.

ఇక సావిత్రి. ఆవిడ శశిరేఖ. కానీ సగం నుంచి శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. 'అహ నా పెళ్ళియంట' పాటను ఒకసారి సౌండ్ తీసేసి చూడండి. సిగ్గుపడుతున్న అమ్మాయి ఉన్నట్టుండి రొమ్ము విరుచుకుంటుంది, నడక బరువెక్కుతుంది, కనుబొమ్మలు ఘటోత్కచుడు వేసిన ఎస్వీ రంగారావు గారి కనుబొమ్మలైపోతాయి, మళ్లీ క్షణంలో తల వంచుకుంటుంది. ఇప్పుడు సౌండ్ పెట్టండి. సుశీల గారి గొంతు మధ్యలో ఘంటసాల గారి గొంతు ఎక్కడ దూరుతుందో, సరిగ్గా అక్కడే ఆవిడ ఒళ్లు మారుతుంది. ఆవిడను అందమైన హీరోయిన్‌గా మాత్రమే చూసే దర్శకుడైతే ఆ భాగాన్ని ఏదో ఒక కెమెరా ట్రిక్కుతో దాటేసేవాడు. కె.వి. రెడ్డి గారు ఆవిడలోని గడుసుతనాన్ని చూశారు.

ఆ సినిమాలో కృష్ణుడి సంగతి కూడా చెప్పాలి. అంతకుముందు ఒక సాంఘిక చిత్రంలో ఎన్టీఆర్ కాసేపు కృష్ణుడిగా కనిపిస్తే ప్రేక్షకులు మెచ్చలేదు. అందుకే ఆయన వెనకాడారు. కె.వి. రెడ్డి పట్టుబట్టి, కిరీటం దగ్గర్నుంచి అలంకరణ మొత్తం శ్రద్ధగా చేయించి వేయించారు. ఆ తర్వాత కృష్ణుడంటే తెలుగువాళ్ల ఇళ్లలో ఆ ముఖమే. ఒకసారి నప్పలేదన్న పాత్ర ఇంకోసారి నప్పవచ్చు. వేషం, వెలుగు, చుట్టూ ఉన్న మనుషులు, అన్నీ కలిస్తేనే పాత్ర.

రంగారావు గారి గురించి రాయడం మొదలుపెడితే ఆపలేను. 'పాతాళ భైరవి' (1951) మాంత్రికుడు, 'మిస్సమ్మ' (1955)లో మెత్తటి మనసున్న జమీందారు, ఘటోత్కచుడు, 'నర్తనశాల' (1963) కీచకుడు. కీచకుడికి జకార్తా ఆఫ్రో-ఏషియన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. ఈ నాలుగింటిలోనూ ఆయన గదిలోకి వస్తే గది ఆయనదైపోతుంది. ఆ అధికారాన్ని ఆయన ఎక్కడా వదులుకోలేదు. జమీందారులో దాని మీద వాత్సల్యం కప్పారు, కీచకుడిలో కామం కప్పారు.

సరే, ఇదంతా పాత సంగతి, ఇప్పుడలా ఎవరు చూస్తారు అంటారేమో. మీకు దగ్గరి ఉదాహరణలు చెబుతాను.

గోపీచంద్ 2001లో 'తొలివలపు'తో హీరోగానే వచ్చారు, అది ఆడలేదు. తర్వాత 'జయం', 'నిజం', 'వర్షం' సినిమాల్లో విలన్. విలన్ ముద్ర గట్టిగా పడిందనుకుంటున్నప్పుడే 2004లో 'యజ్ఞం'తో హీరోగా నిలబడ్డారు. హీరో అయ్యాక ఆయన చూపులోని తీక్షణత తగ్గించుకున్నారా? లేదు, అదే ఆయన పెట్టుబడి. కైకాల సత్యనారాయణ గారు 1959లో హీరోగా మొదలై, హీరోగా నిలబడక, విలన్‌గా దశాబ్దం పైగా చేశారు. 1973లో కె. విశ్వనాథ్ గారి 'శారద'లో అన్న పాత్ర చేశాక జనం ఆయనలో ఇంకో మనిషిని చూశారు. ఆ తర్వాత 'యమగోల' (1977)లో యముడు. విలన్‌గా భయపెట్టిన గంభీరమైన గొంతే అక్కడ నవ్వు తెప్పించింది, ఎందుకంటే అంత గంభీరమైన వాణ్ని మానవమాత్రుడు ఒకడు ముప్పుతిప్పలు పెడుతున్నాడు.

జగపతిబాబు గారిది దీనికి తలకిందుల దారి. 'శుభలగ్నం' (1994)లో భార్య డబ్బుకోసం తనను వేరే అమ్మాయికి ఇచ్చేస్తుంటే గొంతు పెంచకుండా నిలబడిన భర్త. మనిషి నెమ్మది, మాట నెమ్మది. ఇరవై ఏళ్ల తర్వాత విలన్ అయినప్పుడు అందరూ ఇమేజ్ బద్దలు కొట్టారన్నారు. నాకైతే అలా అనిపించలేదు. 'నాన్నకు ప్రేమతో' (2016), 'రంగస్థలం' (2018) చూడండి. ఆ నెమ్మదినే తీసుకొచ్చారు. 'రంగస్థలం'లో ప్రెసిడెంట్ అరిచే మనిషే అయితే ఊరంతా అంతలా భయపడుతుందని నేను నమ్మను. భర్తగా జాలి పుట్టించిన నింపాదితనమే ప్రెసిడెంట్‌గా వణుకు పుట్టించింది.

అల్లరి నరేశ్ గారి కామెడీ సినిమాల్లో చాలావాటిలో ఆయన చిక్కుల్లో ఇరుక్కుని బయటపడలేక గింజుకునే కుర్రాడు. 'నాంది' (2021)లో ఆయన చెయ్యని నేరానికి జైల్లో మగ్గే విచారణ ఖైదీ. కథ ముడి ఒకటే, నవ్వు తీసేశారు. సాయికుమార్ గారి గొంతు పోలీసు యూనిఫాంకే రాసిపెట్టినట్టుండేది, 1996లో కన్నడ 'పోలీస్ స్టోరీ' తర్వాత ఆ వేషాలే వరసకట్టాయి. 'ప్రస్థానం' (2010)లో దేవా కట్టా ఆ గొంతునే తప్పు దాచుకున్న రాజకీయ నాయకుడికి ఇచ్చారు. బ్రహ్మానందం గారు 'రంగమార్తాండ' (2023)లో ఏడిపించినప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు. ఆయన నవ్వించేదే మాటకూ మాటకూ మధ్య ఆగి చూసే చూపుతో. ఆ ఆగడం దుఃఖానికీ పనికొచ్చింది.

అన్నీ ఇలా సుఖాంతం అవుతాయని చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టే. 'స్వయంకృషి' (1987)లో చెప్పులు కుట్టే సాంబయ్యగా చిరంజీవి గారికి నంది వచ్చింది, జనమూ ఆదరించారు. మరుసటి ఏడాది 'రుద్రవీణ'కు జాతీయ సమైక్యత విభాగంలో నర్గీస్ దత్ అవార్డు వచ్చినా డబ్బు రాలేదు. నటుడిలో లోపం లేదు, పాత్ర నప్పకపోవడమూ లేదు. అభిమానులు టికెట్ కొనేటప్పుడు వేరేదేదో ఆశించారు. హీరోలకు ముద్ర వేసేది ప్రేక్షకుడి ఆశ, దాన్ని పరిశ్రమలో ఎవరూ ఒక్క సినిమాతో మార్చలేరు.

ఆడవాళ్ల విషయంలో ఇది ఇంకా కఠినంగా ఉంటుంది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. సిల్క్ స్మిత 'సీతాకోకచిలుక' (1981)లో కథానాయిక వదినగా వేసిన పాత్ర చూడండి. భర్తకు భయపడే ఇల్లాలి ముఖంలో ఎంత మాట ఉందో! ఆ నటి మన కళ్ల ముందే ఉంది. అయినా ఆవిడ కోసం రాసినవి ఎక్కువగా పాటలే. నటించడం వచ్చినంత మాత్రాన పాత్రలు రావు, రాసేవాళ్లు ఉండాలి. విజయశాంతి గారికి 'ప్రతిఘటన' (1985), 'కర్తవ్యం' (1990) రాసేవాళ్లు దొరికారు, రెండోదానికి జాతీయ అవార్డు వచ్చింది.

ఇప్పుడు మీ సంగతి.

ఒకసారి ఆడిషన్‌కు ఒక కుర్రాడు వచ్చాడు. మంచి ఒడ్డూ పొడుగూ, బెదిరింపు డైలాగు అదరగొట్టాడు. అలాంటివాళ్లు ఆ రోజు ఇంకా చాలామంది ఉన్నారు. అదే గొంతుతో, డైలాగు వేగం మార్చకుండా, స్నేహితుణ్ని అప్పు అడుగుతున్నట్టు చెప్పమన్నాను. మొదటి వాక్యం అయ్యేసరికి అతని చెయ్యి చొక్కా అంచు పట్టుకుంది. గొంతు గట్టిగానే ఉంది, కళ్లు మాత్రం నేలమీద ఉన్నాయి. అవమానాన్ని గట్టి గొంతు వెనక దాచుకునే మనిషి కనిపించాడు. అతనికి రౌడీ వేషమే ఇచ్చాం. కానీ అన్న చేతిలో దెబ్బలు తిని బయటికొచ్చి ఊరిమీద పడే రౌడీ. రెండు సీన్లే. ఆ రెండు సీన్ల తర్వాత అతనికి వచ్చిన పాత్రల్లో కత్తి లేనివి కూడా ఉన్నాయి.

మీరూ ఇది చేసుకోండి. చేసిన నాలుగు సినిమాల్లో మీ సీన్లు తీసుకుని, ఫైట్ తీసేసి, కొట్టడానికి ముందు, దెబ్బ తిన్న తర్వాత ఉన్న ఆ కొద్ది సెకన్లు చూడండి. అక్కడ ముఖంలో ఏముంది? విసుగా, భయమా, విధేయతా, కసా? మీకు తెలియకపోతే, మిమ్మల్ని ఎంపిక చేసిన కో-డైరెక్టర్‌ని మొహమాటం లేకుండా అడగండి, "సార్, అంతమందిలో నన్నెందుకు తీసుకున్నారు?" అని. "హైటు బాగుందయ్యా" అంటే అది పైరూపం. "నువ్వు బాస్ వైపు చూసే చూపు బాగుంది" అంటే నమ్మకస్తుడి పాత్రలు మీవి. డ్రైవరు, తమ్ముడు, పాత స్నేహితుడు, ఎస్సై పక్కన కానిస్టేబులు, ఇవన్నీ ఆ చూపుతో వెయ్యొచ్చు.

ముద్ర పోవాలని ఉన్నట్టుండి కామెడీ చెయ్యడం, లవర్ బాయ్ షార్ట్ ఫిల్మ్ తీసుకోవడం వద్దు. పూర్తి వ్యతిరేకంగా వెళితే మీ దగ్గరున్న ఒక్క బలమూ వదిలేసి, మిగతావాళ్లు మీకన్నా బాగా చేసే చోట నిలబడతారు. 'దేవదాసు' (1953) తర్వాత నాగేశ్వరరావు గారు విషాద నాయకుడిగా మిగిలిపోకూడదని 'మిస్సమ్మ'లో డిటెక్టివ్ వేషం వేశారు కదా అంటారు. నిజమే. కానీ ఆయన అప్పటికే పెద్ద స్టారు, పక్కన ఎన్టీఆర్, సావిత్రి, రంగారావు ఉన్నారు, వెనక విజయా సంస్థ ఉంది. మీకు ఇప్పుడు అంత రక్షణ లేదు.

మీ పోర్ట్‌ఫోలియో ఫొటోలు నేను చూడలేదు గానీ, రౌడీ వేషాలు వేసేవాళ్లవి చాలా చూశాను. అన్నింట్లోనూ గడ్డం, కింది నుంచి పైకి చూపు, ముడిపడ్డ కనుబొమ్మలు. పంపింది అదే అయితే పిలిచేదీ దానికే. శుభ్రంగా గడ్డం గీయించుకుని, మామూలు చొక్కా టక్ చేసుకుని, బ్యాంకులో క్యూలో నిలబడ్డ మనిషిలా నాలుగు ఫొటోలు తీయించుకోండి. సెల్ఫ్ టేప్, అంటే మీరే తీసుకున్న ఆడిషన్ వీడియో, పంపితే ఒక నిమిషం మీ రకం సీను, ఇంకో నిమిషం అదే గుణంతో ఆయుధం లేని సీను పెట్టండి. వెబ్ సిరీస్‌లలో ఎపిసోడ్లు ఎక్కువ కాబట్టి చిన్న పాత్రలకు కూడా ఇల్లూ వాకిలీ, పెళ్లాం పిల్లలూ రాస్తున్నారు, ఆ ఆడిషన్లు వదలకండి.

ఇక ఐదో సినిమాకు ముందు కనుక్కోవాల్సిందని చెప్పాను కదా. డైలాగులు ఎన్ని, విలన్ ఎవరు అని అడక్కండి. ఆ రౌడీ కథలో తనంతట తాను తీసుకునే నిర్ణయం ఒక్కటైనా ఉందా అని అడగండి. బాస్ కొట్టమంటే కొట్టకుండా ఒక్క క్షణం ఆగినా చాలు, పారిపోయే అవకాశం ఉండీ ఉండిపోయినా చాలు. ఉంటే పారితోషికం కాస్త తక్కువైనా చెయ్యండి. లేకపోతే, మీకు ఇల్లు గడవడానికి డబ్బు కావాలంటే చెయ్యండి, అందులో తప్పేమీ లేదు. అప్పుడు మాత్రం షూటింగ్‌కు ముందురోజే కో-డైరెక్టర్ దగ్గరికెళ్లి, పాత్రకు ఒక పేరు పెట్టమనండి, మిగతా రౌడీల ముందు విలన్ మిమ్మల్ని ఆ పేరుతో ఒక్కసారి పిలిచేలా చూడమనండి. సెట్లో అందరి ముందూ డైరెక్టర్‌ని అడగొద్దు, టైం లేనప్పుడు కాదనడం తేలిక. ముందురోజు సాయంత్రం మర్నాటి డైలాగుల కాగితం సరిచూసుకునేటప్పుడైతే ఒక పేరు చేర్చడానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. పేరున్న పాత్ర చేసినవాణ్ని తర్వాతి సినిమా వాళ్లు "నాలుగో రౌడీగా చేసినతను" అని కాక, ఆ పేరుతో వెతుకుతారు.